బాస్కెట్‌బాల్ ఆటలో పొడగరి స్థానం

ఏ ఉన్నత పాఠశాలలోనైనా ఒక కుర్రవాడు తోటివారికంటె జానెడు పొడుగు ఎదిగితే బాస్కెట్‌బాల్ జట్టులో అతనికి వెంటనే చోటు దొరుకుతుంది. ఆ చోటు ఎక్కడన్నది కూడ ముందే నిర్ణయమై ఉంటుంది. డ్రిల్లు మాస్టారు అతణ్ణి బుట్టకింద నిలబెట్టి, "ఇక్కడనుంచి కదలకు. బంతి వస్తే పైకెత్తి బుట్టలో వెయ్యి. గురి తప్పిన బంతి పడితే పట్టుకో" అని చెబుతారు. బంతిని నేలకు కొట్టుకొంటూ పరుగెత్తడం, దూరంనుంచి గురిచూసి వేయడం, సమయం కనిపెట్టి తోటివారికి అందించడం పొట్టివాళ్ల పనులు. పొడగరికి ఆ విద్యలు ఎవరూ నేర్పరు. అతనికి అవి కావాలని ఎవరికీ తోచదు.

ఈ పద్ధతి మన ఊళ్లలోనే కాదు, ఆట పుట్టిన అమెరికాలోకూడ చాలకాలం ఉన్నదే. బుట్ట నేలకు 10 అడుగుల ఎత్తున ఉంటుంది. దానికి దగ్గరగా చేయి చాచగలవాడు దానికి దగ్గరగానే నిలవాలనడం సహజంగా తోచే మాట. కాని గత పది పదిహేనేండ్లలో అమెరికా వృత్తి క్రీడాకారుల సంఘమైన ఎన్.బి.ఎ. పోటీలలో ఈ మాట తలకిందులైనది. పనితనం గల పొడగరి బుట్టకింద నిలిచినప్పటికంటె, బుట్టకు 15, 20 అడుగుల దూరంలో నిలిచినప్పుడే జట్టుకు ఎక్కువ మేలు జరుగుతున్నట్లు తేలింది. దీనికి కారణం తెలిసికోవాలంటే కొంచెం అంకగణితం, కొంచెం రేఖాగణితం, కొంచెం గతిశాస్త్రం చాలు.

ఇంగ్లీషులో ఇట్టి ఆటగాణ్ణి "బిగ్ మాన్" అంటారు. దానిని మాటకు మాటగా "పెద్దమనిషి" అంటే మనకు ఊళ్లో తగవులు తీర్చే పెద్ద గుర్తుకు వస్తాడు. కనుక ఇక్కడ అతణ్ణి పొడగరి అనే పిలుద్దాం.

ఎత్తుకు కళ్లెం వేసిన నియమాలు

కెనడాలో పుట్టిన జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు 1891 డిసెంబరులో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో ఈ ఆటను కల్పించాడు. మంచు కురిసే కాలంలో విద్యార్థులు కప్పుకింద ఆడుకొనే ఆట ఒకటి కావలసివచ్చింది. వ్యాయామశాలలో పై వసారాకు ఉన్న కటకటాలకు ఆయన పీచ్ పండ్ల బుట్టలు కట్టించాడు. అవి నేలకు 10 అడుగుల ఎత్తున ఉన్నవి. బుట్టపోయి ఇనుప రింగు వచ్చినా, మనుషులు మరీ పొడుగైనా, ఆ 10 అడుగులు మాత్రం మారలేదు.

బుట్ట ఎత్తు మారలేదు కనుక మిగిలిన నియమాలు మారవలసివచ్చినవి. జార్జి మైకాన్ అనే 6 అడుగుల 10 అంగుళాల ఆటగాడు, అంతే పొడుగుగల మరికొందరు కళాశాలలలో ఆడే రోజులలో, బుట్టలోకి దిగుతున్న బంతిని చేతితో తన్ని బయటికి తోసేవారు. దానిని 1944లో నిషేధించారు. బుట్ట ముందు రంగువేసిన దీర్ఘచతురస్రంలో దాడి చేసే ఆటగాడు వరుసగా మూడు సెకండ్లకంటె ఎక్కువ నిలవకూడదు. ఎన్.బి.ఎ.లో మైకాన్ ధాటికి తట్టుకోలేక ఆ దీర్ఘచతురస్రం వెడల్పును 1951లో 6 అడుగులనుంచి 12 అడుగులకు పెంచారు. తరువాత 7 అడుగుల 1 అంగుళం పొడుగుగల విల్ట్ చేంబర్లేన్ వచ్చాడు. అతడు 1962 మార్చి 2వ తేదీన ఒక్క ఆటలోనే 100 పాయింట్లు చేశాడు. 1964లో ఆ వెడల్పు 16 అడుగులైనది.

ఈ నియమాలన్నిటి సారం ఒక్కటే. పొడగరిని బుట్టనుంచి దూరంగా నెట్టడం. అయినా జట్లు అతణ్ణి అనుమతించినంత మేర బుట్టకు దగ్గరగానే నిలబెట్టినవి. అతణ్ణి దూరం పంపినది శిక్షించే నియమం కాదు, బహుమానమిచ్చే గీత ఒకటి.

మూడు పాయింట్ల గీత

మామూలుగా బంతి బుట్టలో పడితే 2 పాయింట్లు. 1979లో ఎన్.బి.ఎ. కోర్టుమీద బుట్టచుట్టూ ఒక చాపరేఖ గీయించింది. బుట్ట మధ్యబిందువునుంచి దాని దూరం 23 అడుగుల 9 అంగుళాలు, కోర్టు రెండు మూలలలో మాత్రం 22 అడుగులు. ఆ గీత బయటనుంచి వేసిన బంతి పడితే 3 పాయింట్లు. అంతర్జాతీయ పోటీలలో ఈ గీత 1984లో వచ్చింది.

ఈ గీత విలువ ఎంత? పది సార్లు వేస్తే ఐదు సార్లు పడే బంతికి 2 పాయింట్ల చొప్పున సగటు రాబడి ఒక్కొక్క ప్రయత్నానికి 1 పాయింటు. మూడు పాయింట్ల బంతి మూడింట ఒకసారి పడినా సగటు అదే 1 పాయింటు. అంటే దూరంనుంచి నూటికి 33 పడినా, దగ్గరనుంచి నూటికి 50 పడినదానితో సమానమే. ఎన్.బి.ఎ. ఆటగాళ్లు మొత్తంమీద గీత బయటనుంచి నూటికి 35, 36 వేయగలుగుతున్నారు. నూటికి 36 అయితే సగటు రాబడి 1.08. గీతకు ఒక అడుగు లోపలనుంచి వేసే బంతి నూటికి 40 పడుతుందనుకొన్నా దాని సగటు 0.80 మాత్రమే. రింగు పక్కనే నిలిచి అడ్డులేకుండ వేస్తే నూటికి 65 పడినా సగటు 1.30.

ఈ లెక్కలో తేడాలు చిన్నవిగా కనిపిస్తవి. కాని ఎన్.బి.ఎ. ఆటలో ఒక్కొక్క జట్టుకు ఉజ్జాయింపుగా 100 సార్లు బంతి అందుతుంది. సగటులో 0.1 తేడా వస్తే ఆట ముగిసేసరికి 10 పాయింట్ల తేడా అవుతుంది. చాల ఆటలు అంతకంటె తక్కువ తేడాతో తేలిపోతవి.

ఇంత సులువైన లెక్క జట్లకు పూర్తిగా ఒంటబట్టడానికి ముప్ఫై ఏండ్లు పైగా పట్టింది. గీత పెట్టిన మొదటి సంవత్సరంలో జట్టుకు ఆటకు 3 సార్లయినా అక్కడినుంచి వేయలేదు. 2023-24 నాటికి ఆ సంఖ్య 35 దాటింది. ఈ మధ్యకాలంలో పొడగరి పని అయిపోయిందనికూడ చాలమంది అనుకొన్నారు. 2012లో ఎన్.బి.ఎ. తన ఆల్‌స్టార్ పోటీ ఓటుపత్రంనుంచి "సెంటర్" అనే పొడగరి స్థానాన్నే తీసివేసింది. 2015 తుదిపోటీలలో గోల్డెన్ స్టేట్ జట్టు నాలుగవ ఆటనుంచి తన పొడగరిని పక్కన కూర్చోబెట్టి, అతని బదులు పొట్టివాణ్ణి దింపి, టైటిలు గెలుచుకొన్నది. దూరంనుంచి వేయలేని, బంతిని నడపలేని పొడగరి జట్టుకు బరువే అని అందరికీ తోచింది. ఆ మాటలో సగమే నిజం.

చోటు ఎలా పుడుతుంది?

బుట్టను కేంద్రంగా తీసికొని 15 అడుగుల వ్యాసార్ధంతో ఒక అర్ధవృత్తం గీయండి. దాని వైశాల్యం సుమారు 353 చదరపు అడుగులు. దాడి అంతా ఇందులోనే జరిగితే ఐదుగురు రక్షకులకు తలకు 71 చదరపు అడుగుల చొప్పున కాపలా కాస్తే సరిపోతుంది. అది చిన్న గదికంటె తక్కువ. ఇప్పుడు వ్యాసార్ధాన్ని 23 అడుగుల 9 అంగుళాలకు పెంచండి. వైశాల్యం సుమారు 886 చదరపు అడుగులు, అంటే తలకు 177. వ్యాసార్ధం ఒకటిన్నర రెట్లు దాటగానే వైశాల్యం రెండున్నర రెట్లైనది. వైశాల్యం వ్యాసార్ధపు వర్గాన్నిబట్టి పెరుగుతుందన్న క్షేత్రగణిత సూత్రమే ఇక్కడ కాపలాదారులను అలసటపెడుతున్నది.

అయితే ఒక షరతు ఉన్నది. దాడి చేసే ఐదుగురిలో ఒక్కడైనా దూరంనుంచి వేయలేనివాడైతే అతని రక్షకుడు అతణ్ణి వదలివేసి బుట్ట దగ్గరే మకాం వేస్తాడు. ఆ రక్షకుడు సాధారణంగా ఎదుటి జట్టులోని పొడగరి. బుట్టవైపు దూసుకువచ్చే ప్రతివాడికీ అతని చేతులు అడ్డుతగులుతవి. కాబట్టి నలుగురు గురిగాళ్లున్నా ఐదవవాడు బుట్టకింద పాతుకొన్న స్తంభమైతే, ఆ నలుగురికీ దారి మూసుకొనిపోతుంది.

ఆ ఐదవవాడే దూరంనుంచి వేయగలిగిన పొడగరి అయితే ఏమవుతుందో చూడండి. అతడు గీత బయటికి వస్తాడు. ఎదుటి జట్టు పొడగరి బుట్టదగ్గరే ఉండిపోయినాడనుకొందాం. ఇద్దరికీ నడుమ 20 అడుగులు. సెకండుకు 40 అడుగుల వేగంతో బంతి మరొక 20 అడుగుల దూరంనుంచి మన పొడగరికి చేరడానికి అర సెకండు, దానిని పట్టి వేయడానికి 0.7 సెకండు, మొత్తం 1.2 సెకండ్లు. రక్షకుడు సెకండుకు 14 అడుగుల సగటు వేగంతో పరుగెత్తినా ఈలోగా 16.8 అడుగులే వస్తాడు. ఇంకా 3 అడుగుల వెలితి ఉండగానే బంతి గాలిలోకి లేస్తుంది. అంత నష్టం ఎందుకని రక్షకుడు ముందే గీతదాకా వచ్చి నిలిస్తే బుట్టదగ్గర కాపలా ఉండదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

2001లో ఎన్.బి.ఎ. ఒక నియమం పెట్టి ఈ చిక్కును మరింత బిగించింది. ఎవరినీ దగ్గరగా కాయకుండ ఊరికే నిలిచే రక్షకుడుకూడ ఆ రంగు దీర్ఘచతురస్రంలో మూడు సెకండ్లకంటె ఎక్కువ ఉండకూడదు. పొడగరికి వేసిన పాత కళ్లెమే ఇప్పుడు అతణ్ణి కాచేవానికికూడ పడింది.

ఎత్తునుంచి వేసిన బంతి

దూరంనుంచి వేయడంలో పొడుగుకు ఏమైనా లాభమున్నదా? ఉన్నది. రింగు వ్యాసం 18 అంగుళాలు, బంతి వ్యాసం సుమారు 9.4 అంగుళాలు. బంతి నిట్టనిలువుగా దిగితే దానికి 18 అంగుళాల ద్వారం కనిపిస్తుంది. ఏటవాలుగా వస్తే ఆ ద్వారం కోడిగుడ్డు ఆకారంలో సన్నగిల్లుతుంది. క్షితిజ రేఖతో బంతి చేసే కోణపు సైనును 18తో గుణిస్తే ఆ ద్వారం వెడల్పు వస్తుంది. కోణం 30 డిగ్రీలైతే వెడల్పు 9 అంగుళాలే కనుక బంతి రింగును తాకకుండ దూరదు. కోణం సుమారు 32 డిగ్రీలు దాటితేనే నేరుగా దూరడం సాధ్యం.

ఇప్పుడు రింగు మధ్యనుంచి 15 అడుగుల దూరంలో నిలిచిన ఇద్దరిని పోల్చిచూద్దాం. ఒకడు బంతిని 7 అడుగుల ఎత్తునుంచి వదులుతాడు, మరొకడు 9 అడుగుల ఎత్తునుంచి. ఇద్దరూ వీలైనంత తక్కువ వేగంతోనే వేస్తారనుకొందాం. గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసికొనకపోతే, మొదటివానికి సెకండుకు 24.3 అడుగుల వేగం కావాలి, రెండవవానికి 22.7 చాలు. మొదటివాని బంతి రింగువద్దకు 39 డిగ్రీల కోణంలో వస్తే, రెండవవానిది 43 డిగ్రీల కోణంలో వస్తుంది. కనిపించే ద్వారం మొదటివానికి 11.4 అంగుళాలు, రెండవవానికి 12.3 అంగుళాలు. ఇందులోనుంచి బంతి వ్యాసం తీసివేస్తే మిగిలే వెసులుబాటు 2 అంగుళాలు, 2.9 అంగుళాలు. రెండడుగుల ఎత్తు వెసులుబాటును దాదాపు ఒకటిన్నర రెట్లు చేసింది.

దీనినిబట్టి పొడగరులందరూ గొప్ప గురిగాళ్లని అనుకోరాదు. మొదటివాడు ఇంకా గట్టిగా, ఎత్తుగా వేసి తన కోణాన్ని పెంచుకోవచ్చు. వేళ్ల అదుపు, అభ్యాసం లేకపోతే ఈ అంగుళం లాభం ఎందుకూ పనికిరాదు. ప్రకృతి పొడగరికి ఇచ్చినది అవకాశం మాత్రమే. అయితే మరొక లాభం ఉన్నది. 9 అడుగుల ఎత్తున బంతి విడిచేవానికి అడ్డుగా చేయి ఎత్తగలవారు తక్కువ.

నాలుగు దిక్కులా చూసే కన్ను

దూరంనుంచి వేయడంకంటె అరుదైన విద్య బంతి అందించడం. పొడగరి కన్ను తోటివారి తలలపైనుంచి చూస్తుంది. చేతులెత్తి బంతిని పట్టుకొంటే అది రక్షకుల వ్రేళ్లకు అందదు. పొట్టివాడు ఎదుటివాని చేతుల సందునుంచి వంకరగా పంపవలసిన బంతిని ఇతడు పైనుంచి తిన్నగా పంపగలడు. రెండు బిందువులనడుమ దగ్గరిదారి సరళరేఖే కదా. పైగా బంతి మనిషికంటె ఎన్నోరెట్లు వేగంగా కదులుతుంది. అర సెకండులో బంతి 20 అడుగులు పోతే, రక్షకుడు 7 అడుగులు మాత్రమే కదలగలడు.

అతడు బుట్టకింద ఉంటే ఈ చూపు వృథా. అతని వీపు బుట్టవైపు, చుట్టూ మనుషులు. ఫ్రీ త్రో గీత కొసను, అంటే బుట్టకు సుమారు 15 అడుగుల దూరంలో, అతడు బంతితో నిలబడితే కోర్టు అంతా ఎదురుగా ఉంటుంది. ఎటుచూసినా బంతి పోవలసిన దూరం 20 అడుగులకు అటూ ఇటూ మాత్రమే. అక్కడినుంచి సాధారణంగా మూడు విధాలుగా ఆట నడుస్తుంది.

మొదటిది అడ్డుకట్ట. చురుకైన పొట్టి ఆటగాడు బంతిని కొట్టుకొంటూ వస్తాడు. అతని రక్షకుని దారిలో పొడగరి స్తంభంలా నిలుస్తాడు. ఆ రక్షకుడు చుట్టూ తిరిగి వచ్చేలోగా పొట్టివాడు ముందుకు దూసుకుపోతాడు. అతణ్ణి ఆపడానికి ఇద్దరు రక్షకులు కమ్ముకొంటే, బంతి వెనుకనున్న పొడగరికి వస్తుంది. ఇప్పుడు ఇతని జట్టు నలుగురు, ఎదుట ముగ్గురు. ఈ లెక్క నిలిచేది ఒకటి రెండు సెకండ్లే. చేతిపని తెలియని పొడగరి బంతిని చూసికొనేలోపలే అవి గడిచిపోతవి. తెలిసినవాడు ఆ ముగ్గురిలో ఎవరు ఎటు అడుగువేశారో చూసి, వదలివేసినవానికి బంతి చేరుస్తాడు.

రెండవది చేతికి అందించడం. పొడగరి బంతితో నిలుస్తాడు. తోటివాడు పరుగున వచ్చి, రైలు పోతూ పోతూ స్టేషనులో సంచి అందుకొన్నట్లు, అతని చేతిలోని బంతిని తీసికొనిపోతాడు. పొడగరి శరీరమే వెంటవచ్చే రక్షకునికి అడ్డు.

మూడవది మొదటి రెండింటికి విరుగుడు వెదికేవారికి విరుగుడు. బంతి తీసికొనడానికి వస్తున్నాడని రక్షకుడు ముందుగానే అడ్డం వస్తే, ఆ ఆటగాడు టక్కున మళ్లి అతని వెనుకనుంచి బుట్టవైపు పరుగెత్తుతాడు. బుట్టదగ్గర కాపలా పొడగరి ఇక్కడికి వచ్చి ఉన్నాడు కనుక అక్కడ ఎవరూ లేరు. పైనుంచి చూస్తున్న పొడగరి బంతిని అక్కడికి విసరుతాడు. సగటు రాబడి 1.30 అని చెప్పుకొన్న అవకాశం ఇదే.

ఈ విద్య పూర్తిగా కొత్తది కాదు. విల్ట్ చేంబర్లేన్ 1967-68లో లీగు మొత్తంమీద అందరికంటె ఎక్కువ అసిస్టులు, అంటే పాయింటుగా మారిన అందింపులు, చేశాడు. 1977లో పోర్ట్‌లండ్ జట్టును గెలిపించిన బిల్ వాల్టన్, లిథువేనియాకు చెందిన అర్విదాస్ సబోనిస్ ఇందులో ఆరితేరినవారు. కాని వారి కాలంలో మూడు పాయింట్ల గీత లేకనో, ఉన్నా దానిని వాడుకొనేవారు తక్కువగానో ఉండేవారు. అందుచేత వారి చూపుకు తగినంత చోటు దొరకలేదు.

డెన్వర్‌లో జరిగిన పరీక్ష

చోటు, చూపు రెండూ కలిసినచోట ఏమి జరిగిందో డెన్వర్ జట్టు చరిత్ర చెబుతుంది. నికొలా యోకిచ్ 1995లో సెర్బియాలోని సోంబోర్ పట్టణంలో పుట్టాడు. పొడుగు 6 అడుగుల 11 అంగుళాలు. ఎత్తుగా ఎగరలేడు, వేగంగా పరుగెత్తలేడు. 2014లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో డెన్వర్ అతణ్ణి 41వ వానిగా తీసికొన్నది. అంటే నలభైమంది ముందు పోయిన తరువాత మిగిలినవాడన్నమాట. అదే జట్టులో బోస్నియాకు చెందిన యూసుఫ్ నుర్కిచ్ అనే బలిష్ఠుడైన మరొక పొడగరి ఉన్నాడు. 2016లో శిక్షకుడు మైకేల్ మలోన్ ఇద్దరినీ కలిపి ఆడించి చూశాడు. బుట్టదగ్గర ఇద్దరి రక్షకులూ గుమిగూడడంతో దారులు మూసుకొన్నవి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడలేదు.

2016 డిసెంబరు 15వ తేదీన మలోన్ తన నిర్ణయం తెలిపాడు. యోకిచ్ ఒక్కడే సెంటర్, దాడి అంతా అతని చేతులమీదుగా నడవాలి. రెండు నెలలకు నుర్కిచ్‌ను పోర్ట్‌లండ్ జట్టుకు పంపివేశారు. ఫలితం వెంటనే రాలేదు. ఆ సంవత్సరం చివరి స్థానానికి జరిగిన పోరులో పోర్ట్‌లండ్ 41 విజయాలతో ముందుకు పోయింది. డెన్వర్ 40 విజయాలతో ఆగిపోయింది. వదలుకొన్న పొడగరి అవతలి జట్టులో ఉండగా ఒక్క ఆట తేడాతో ఓడడం చిన్న దెబ్బ కాదు. మరుసటి ఏడుకూడ ఒక్క ఆటతోనే అవకాశం తప్పింది. అయినా డెన్వర్ పద్ధతి మార్చలేదు. 2018-19లో 54 ఆటలు గెలిచింది.

2021లో యోకిచ్ లీగులో అత్యుత్తమ ఆటగాడుగా ఎన్నికైనాడు. సెంటర్ స్థానంలో ఆడేవానికి ఆ గౌరవం 2000లో షకీల్ ఓనీల్ తరువాత అదే మొదటిసారి. 2022లోను, 2024లోను యోకిచ్‌కే అది మళ్లీ దక్కింది. 2023 జూన్ 12వ తేదీన డెన్వర్ మయామీ జట్టును 4-1 ఆటల తేడాతో ఓడించి, 1976లో ఎన్.బి.ఎ.లో చేరిన తరువాత మొదటిసారిగా టైటిలు గెలిచింది. ఆ నాకౌట్ దశలో యోకిచ్ 20 ఆటలలో 600 పాయింట్లు, 269 రీబౌండ్లు, 190 అసిస్టులు చేశాడు. ఈ మూడు మొత్తాలలోను ఒకే ఆటగాడు అందరికంటె ముందుండడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు.

ఈ అంకెలలో ఆలోచించదగినది 190. ఆ బంతులన్నీ తోటివారే బుట్టలో వేశారు. తుదిపోటీల మూడవ ఆటలో యోకిచ్ 32 పాయింట్లు చేస్తే, అతనితో అడ్డుకట్ట ఆట ఆడే జమాల్ మరే 34 చేశాడు. ఎగరడంలో దిట్టయైన ఆరన్ గోర్డన్ ఖాళీగా మిగిలిన బుట్టకింద అందుకొన్న బంతులు ఎన్నో. ఒక పొడగరి బయటికి జరగడంతో మిగిలిన నలుగురి పనికూడ సులువైనది.

అన్ని తాళాలకు ఒకే చెవి కాదు

ఈ పద్ధతికి ఖర్చుకూడ ఉన్నది. పొడగరి బుట్టకు దూరంగా ఉంటే తన జట్టువారి గురి తప్పిన బంతిని మళ్లీ పట్టుకొనే అవకాశం తగ్గుతుంది. పనితనమున్నా కాళ్లలో వేగం లేకపోతే, ఎదుటి జట్టు బంతి వచ్చినప్పుడు చురుకైన పొట్టివానిచేత అతణ్ణి బయటికి లాగి పరుగెత్తిస్తుంది. చుట్టూ గురిగాళ్లు లేకపోతే అతని చూపు పనికిరాదు. వేయలేనివానికి బంతి అందించి ఏమి లాభం?

విరుగుడుకూడ కనిపెట్టారు. 2024 మే నెలలో మినెసోటా జట్టు ఇద్దరు పొడగరులను కలిపి దింపింది. కార్ల్ ఆంథొనీ టౌన్స్ అనేవాడు యోకిచ్‌ను అంటిపెట్టుకొని కాశాడు. రూడీ గొబేర్ అనే మరొకడు డెన్వర్ జట్టులో దూరంనుంచి అంతగా వేయలేనివానిని కాస్తున్నట్లే ఉండి, బుట్టదగ్గర తిరుగుతూ వచ్చాడు. డెన్వర్ ఏడు ఆటల పోరులో 4-3 తేడాతో ఓడింది. ఇందులో మనం ముందు చూసిన సూత్రమే మళ్లీ కనిపిస్తున్నది. ఐదుగురిలో ఒక్కడు దూరంనుంచి వేయలేకపోయినా, అతని రక్షకుడే బుట్టకు కాపలా అవుతాడు. పొడగరి మంచి సెంటర్ కావడం చాలదు, మిగిలినవారు అతను కల్పించే చోటును వాడుకోగలగాలి.

పాఠశాలకు పనికివచ్చే మాట

డ్రిల్లు మాస్టారు నిలబెట్టిన ఆ పొడుగు కుర్రవానివద్దకు మళ్లీ వద్దాం. అతణ్ణి బుట్టకింద నిలబెడితే ఈ సంవత్సరం అంతరపాఠశాల పోటీలో నాలుగు ఆటలు గెలవవచ్చు. కాని పదునాలుగేండ్లకు ముందుగా ఎదిగినవాడు పద్దెనిమిదేండ్లకు అందరితో సమానమైపోవచ్చు. అప్పుడు అతనికి చేతిలో ఏ విద్యా ఉండదు. నిజంగానే ఏడడుగులు ఎదిగినా, కదలడం నేర్వని పొడగరికి పెద్ద ఆటలలో చోటు తగ్గిపోయిందని పై చరిత్రంతా చెబుతున్నది.

కనుక అభ్యాసంలో కొంతసేపు అతణ్ణి ఫ్రీ త్రో గీత కొసకు తెచ్చి, బంతి చేతికిచ్చి, తోటివారిని అతని చుట్టూ పరుగెత్తించడం మంచిది. మొదట్లో బంతి చేజారుతుంది, రెండు మూడు ఆటలు పోవచ్చు. పొట్టివానికి నేర్పే డ్రిబ్లింగు, పాసు, గురి ఇతనికీ నేర్పాలి. ఉపాధ్యాయులు తరగతిలో ఇదే సందర్భంతో సగటు రాబడి, అర్ధవృత్త వైశాల్యం, ప్రక్షేపక గమనం బోధించవచ్చు. విద్యార్థులే ఒక ఆటను చూసి, ఏ చోటునుంచి ఎన్ని వేశారు, ఎన్ని పడ్డవి అని కాగితంమీద గుర్తుపెట్టుకొని, సగటులు కట్టవచ్చు. తమ జట్టుకు ఏ చోటు లాభమో అప్పుడు వారికే తెలుస్తుంది.

"బిగ్ మాన్" అంటే పెద్దమనిషి అని అనువదించరాదని మొదట అనుకొన్నాం. కాని ఫ్రీ త్రో గీతవద్ద బంతి పట్టుకొని నిలిచి, నాలుగు వైపులా చూసి, ఎవరికి ఏది చెందాలో వారికి అది పంచే పొడగరిని చూస్తే ఆ మాట అంత తప్పు కాదనిపిస్తుంది. ఊరి పెద్దమనిషికి గౌరవం వచ్చేది అతని పొడుగువల్ల కాదు, నలుగురికీ మేలు జరిగేటట్లు చూడగలగడంవల్ల.